సేవంతికి చీకటి

చామంతి ఆకు నలిపితే వచ్చే వాసన పువ్వు వాసనకంటే ఘాటుగా ఉంటుంది. కాస్త చేదు, కాస్త కర్పూరం. నిన్న పొద్దున బాల్కనీలో ఎండిన ఆకులు గిల్లి పారేస్తుంటే ఆ వాసన వేళ్ళకు పట్టుకుంది. ఎంత కడుక్కున్నా పోలేదు, పోవాలని నాకూ లేదు. కార్తీకం వెళ్ళిపోతున్న రోజులు, వాన వెలిసి చలి ఇంకా ముదరని కాలం. బెంగుళూరులో ఇంతకంటే మంచి కాలం లేదని నా నమ్మకం, కాదన్నవాళ్ళతో పోట్లాడడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాను. ఆ కాలంలో, ఆ వాసనతో, నా ముందుకొచ్చి నిలబడే మనిషి ఒక్కరే, సరోజమ్మగారు. కుందలహళ్ళిలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ ఇల్లు కూడా లేదు. ఆ స్థలంలో లేచిన హాస్టలులో చామంతి నాటడానికి చారెడు మట్టి కూడా లేదు.

నేను తెనాలి నుంచి బెంగుళూరు వచ్చేసరికి కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్ళయింది. ఉద్యోగం దొరికినంత సులువుగా గది దొరకలేదు. మా ఆఫీసులో పని అమెరికా వాళ్ళ గడియారం ప్రకారం నడిచేది. మధ్యాహ్నం వెళ్తే అర్ధరాత్రి దాటాక తిరిగి రావడం. ఆడపిల్లల హాస్టళ్ళు రాత్రి తొమ్మిదికి గేటు మూసేసేవి. ఇళ్ళవాళ్ళేమో "ఎన్నింటికి వస్తావమ్మా?" అని అడిగి, జవాబు విన్నాక ముఖం పక్కకు తిప్పుకునేవారు. నాన్న పెట్టిన షరతు ఒక్కటే, కుటుంబం ఉన్న ఇంట్లో ఉండాలి. అలాంటి గది దొరక్కపోతే సామాను సర్దుకుని రమ్మన్నాడు. సరోజమ్మగారు మాత్రం ఎన్నింటికి వస్తావని అడగలేదు. నన్ను మేడ మీది గదికి తీసుకెళ్ళి, కిటికీ తెరిచి, "ఎండ బాగా వస్తాది. పొద్దున లేటుగా లేచేదానివి కదా, తెర కట్టుకో" అన్నారు. అంతే, ఆ గది నాదయింది.

ఆవిడ ఊదుబత్తి ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అందుకేనేమో ఆవిడకు లోకమంతా ముక్కుతోనే తెలిసేది. కూరగాయల బండి వస్తే ముందు వాసన, తర్వాతే బేరం. ఎరువు గుంటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. "ఇంకా పచ్చి వాసన ఉండాది పాపా, మాగల్ల" అని మళ్ళీ గుంటలో వేసేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత నేనూ వాసన చూడడం మొదలుపెట్టాను. భర్త పోయి చాలా కాలమైనా తలలో పువ్వు లేకుండా ఆవిడను నేను చూడలేదు. ఒకసారి వీధిలో ఎవరో అదోలా చూస్తే నా ఎదుటే గట్టిగా అన్నారు, "పుట్టినప్పటి నుంచి పెట్టుకుంటాండాను. నడమ వచ్చినాయన పోతే పూలెందుకు పోవాల?" ఆ మాట విన్నాక నాకు ఆవిడంటే కొంచెం భయం, బోలెడు ఇష్టం ఏర్పడ్డాయి.

ఇంటి ముందున్నది పెద్ద తోటేమీ కాదు. కాంపౌండు గోడకీ మెట్లకీ మధ్య ఒక పొడుగాటి మడి, కంచె మీదకి పాకిన అనప చిక్కుడు తీగ, నాలుగు గులాబీలు. కానీ కార్తీకంలో ఆ కాస్త చోటే మమ్మల్ని పొద్దంతా పట్టి ఉంచేది. వానలకు గట్టిపడ్డ మట్టిని గుల్ల చెయ్యాలి, పండిన ఆకులు ఏరి గుంటలో వెయ్యాలి, గులాబీ కొమ్మలు కత్తిరించాలి, వాలిపోతున్న చామంతి మొక్కలకు వెదురు పుల్లలు కట్టాలి. ఆదివారాలు నేను ఆవిడతో పాటు మడిలో కూర్చునేదాన్ని. మంచు పడి అనపకాయలు ఒక రకమైన నూనె వాసన వేసేవి. పని కాస్త తెమిలాక బట్టలుతికే బండ మీద కూర్చుని, లేత ఎండ వీపున పడుతుంటే, ఇద్దరం కాఫీ తాగేవాళ్ళం. ఏమీ మాట్లాడుకోకపోయినా ఏదో మాట్లాడుకున్నట్టే ఉండేది. వారమంతా హెడ్‌ఫోన్‌లో పరాయి గొంతులు విన్న చెవులకు ఆ మౌనం ఎంత హాయో చెప్పలేను.

అన్నిట్లోకి ఆవిడ ప్రాణం సేవంతి మీద. చామంతి అనేవారు కాదు, సేవంతి అనే అనేవారు. పసుపు పచ్చవి, చిన్న రేకులవి, మడి నిండా అవే. కార్తీక పౌర్ణమికి వీధిలో ప్రతి ఇంటికీ ఒక మూర సేవంతి పంపడం ఆవిడ పెట్టుకున్న ఆనవాయితీ. హిందువుల ఇల్లా, క్రైస్తవుల ఇల్లా, ఎవరితో పలుకుంది, ఎవరితో లేదు అన్న లెక్కే ఉండేది కాదు. పోట్లాడిన ఇంటికి ఇంకొంచెం పొడుగు మూర వెళ్ళేది. నేను దిగిన మొదటి ఏడాది నా చేత్తోనే పంచిపెట్టించారు. వీధిలోవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవడం మొదలైంది ఆ రోజునుంచే.

రెండో ఏడాది వానాకాలంలో నేను మెట్ల మీద జారి పడ్డాను. మా సందు ఇరుకు, ఆఫీసు కారు మలుపు దగ్గరే ఆగిపోయేది. వీధి దీపం లేదు, మెట్ల దగ్గర మిణుకుమిణుకుమనే జీరో బల్బు ఒక్కటే దిక్కు. మోకాలు చెక్కుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. మర్నాడు నేను నిద్ర లేచేసరికి సరోజమ్మగారు జీరో బల్బు తీసేసి వంద క్యాండిల్ బల్బు పెట్టించారు. అది సాయంత్రం వెలిగితే మళ్ళీ తెల్లవారాకే ఆరేది. మలుపు దగ్గర కారు దిగగానే సందు చివర ఆ వెలుగు కనపడేది. అది కనపడ్డాక నా నడకలో తొందర తగ్గేది. కరెంటు బిల్లు గురించి నేను మాట ఎత్తబోతే, "నీ మోకాలు ముందర బాగు చేసుకో" అని తీసిపారేశారు.

ఆ ఏడు సేవంతి పూయలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, మొక్కలు మాత్రం ఆకులేసుకుంటూ గొడుగుల్లా పెరుగుతున్నాయి తప్ప ఒక్క మొగ్గా లేదు. సరోజమ్మగారు వేరుశనగ చెక్క నానబెట్టి పోశారు, ఆ కంపుకి నేను కిటికీ మూసుకోవలసి వచ్చింది. బూడిద చల్లారు. రోజూ మట్టి తీసి వాసన చూసి తల అడ్డంగా ఊపేవారు. పౌర్ణమి మొగ్గల్లేకుండానే దాటిపోయింది. "ఈ ఏడు సేవంతి లేదా సరోజమ్మా?" అని వీధిలోవాళ్ళు అడిగితే నవ్వి ఊరుకునేవారు కానీ, లోపలికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు. ఒక రోజు పూల్లేని మడి ముందు నిలబడి, "నా చెయ్యి చెడిపోయిందేమో పాపా" అన్నారు. అంత ధాటిగా ఉండే మనిషి గొంతు అంత చిన్నగా వినడం నాకు బాధనిపించింది.

ఆ వారమే ఆవిడ తమ్ముడు మునిరాజప్పగారు వచ్చారు. పక్క వీధిలో ఉంటారు, ఒంటి మీద ఎప్పుడూ తెల్లచొక్కా, మాటలో ఎప్పుడూ తీర్పు. నేను మెట్లు దిగుతుండగానే ఆపకుండా చెప్పేశారు. "అక్కా, బేజారు చేసుకోవద్దు. వయసు పిల్ల, నడిరాత్రి వస్తాండాది. వీధిలో మాటలు పుడతాండాయి. ఇప్పుడు చూడు, సేవంతి గిడాలు కూడా పూసేది మానేసినాయి. ఇంటికి ఏదో తగిలింది. నెలాఖరుకు ఖాళీ చేయమను." సరోజమ్మగారు ఆయన్ని నాలుగు దులుపుతారని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం, "చూస్తాం లేప్పా. కాఫీ తాగు" అని లోపలికి వెళ్ళారు.

చూస్తాం అంటే ఏమిటి? ఆ మాట నన్ను వారమంతా తినేసింది. ఆ గది పోతే ఉద్యోగం పోయినట్టే, ఉద్యోగం పోతే తెనాలి బండి ఎక్కినట్టే. ఆఫీసులో కనపడిన ప్రతివాళ్ళనీ గది ఉందా అని అడిగాను. ఉన్నవాళ్ళు కూడా, రాత్రి షిఫ్టు అనగానే లేదన్నారు. సరోజమ్మగారి మీద కోపం వచ్చింది. భర్త పోయాక కూడా పూలు పెట్టుకునే ధైర్యం ఉన్న మనిషికి నా కోసం ఒక్క మాట అనే ధైర్యం లేకపోయిందా అనుకున్నాను. మొక్క పూయకపోతే నాదా తప్పు అని మునిరాజప్పగారిని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. ఎదురుపడితే మాత్రం నమస్కారం పెట్టేదాన్ని.

ఆదివారం నాడు మనసు బాగాలేక, నేనే బకెట్టు తీసుకుని మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. మడికి పోశాక బాత్రూం వెనక్కి వెళ్ళాను. అక్కడ కొన్ని కుండీలు ఉన్నాయి. ఎండాకాలంలో తెగులు పట్టినట్టు కనపడ్డ సేవంతులను, మిగతావాటికి అంటుకుంటుందని సరోజమ్మగారు అక్కడ పడేశారు. వాటిని అప్పటికే అందరం మరిచిపోయాం. చూద్దును కదా, ఆ బక్క మొక్కల కొమ్మకొమ్మకీ మొగ్గలు! కొన్నిటి కొసన పసుపు కూడా తొంగిచూస్తోంది. "ఆంటీ!" అని నేను పెట్టిన కేకకు ఆవిడ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చారు.

ఆవిడ వంగి మొగ్గల వాసన చూశారు. తర్వాత నిటారుగా నిలబడి బాత్రూం గోడను చూశారు. మడి వైపు నడిచి, మడిని చూసి, మెట్ల దగ్గరున్న బల్బు వైపు తలెత్తారు. "ఇవి చీకట్లో ఉండాయి. అవి వెలుగులో ఉండాయి" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. వెంటనే లోపలికెళ్ళి, దొడ్డబళ్ళాపురం దగ్గర పూలు పెంచే షెడ్డులో పనిచేసే చెల్లెలి కూతురికి ఫోను చేశారు. నాకు వినపడింది ఈవైపు మాటలే. "ఏమి? బల్బులు పెడతారా? పూసేదానికా?... పూయకుండా ఉండేదానికా!" ఫోను పెట్టేసి ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. పండగ దాకా పూలు ఆపాలంటే ఆ షెడ్డుల్లో రాత్రుళ్ళు బల్బులు వెలిగిస్తారట. రాత్రి పొడుగైందని తెలిస్తేనే సేవంతి మొగ్గ తొడుగుతుందట. మన మడికి ఆ ఏడు రాత్రే రాలేదు. "చెయ్యి చెడిపోలేదు పాపా, నా చెయ్యి బాగానే ఉండాది!" అని రెండు చేతులూ చూసుకున్నారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా పట్టించుకోలేదు.

ఆవిడ నవ్వుతుంటే నేను మాత్రం వేరే లెక్క వేసుకున్నాను. అంతవరకూ మునిరాజప్పగారిది ఉత్త మూఢనమ్మకం. ఇప్పుడు తీరా చూస్తే ఆయన అన్నదే నిజమైంది. రాత్రిపూట వచ్చే పిల్ల వల్లే పూలు పూయలేదు, సాక్ష్యం కుండీల్లో ఉంది. సాయంత్రం ఆయన రానే వచ్చారు. సంగతంతా విని గెలిచినవాడిలా తల ఊపారు. కానీ పాపం, మనిషి కొంచెం మెత్తబడ్డారు కూడా. "సరే, అయితే పిల్ల ఉంటే ఉండనీ. తొమ్మిదికి దీపం ఆర్పేయ్. ఆయమ్మకి ఒక టార్చి కొనిచ్చేద్దాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అవునాంటీ, నేనే కొనుక్కుంటాను, నాకేం ఇబ్బంది లేదు" అని గబగబా అనేశాను. గది నిలబడితే చాలు, గుడ్డిదీపంతో కూడా రాగలను అనిపించింది.

"దీపం ఆర్పేది లేదప్పా" అన్నారు సరోజమ్మగారు.

"మరి సేవంతి?" అన్నారాయన.

"టార్చి కాలు ముందర నేల చూపిస్తాది. గోడ పక్కన ఎవడు నిల్చుకోనుండాడో చూపిస్తాదా? సేవంతికి చీకటి కావాల, పాపకి వెలుగు కావాల. రెండూ ఈ ఇంట్లోనే ఉండాయి కదప్పా. సేవంతికి మనమే చీకటి చేద్దాం." ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, సాంబారులో ఉప్పు చాల్లేదు, కొంచెం వేద్దాం అన్నట్టు అన్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, "అయితే నేను ఖాళీ చెయ్యక్కర్లేదా?" అని అడిగాను. ఆవిడ వింతగా చూశారు. "ఖాళీ చేయమని నేనేమన్నా చెప్పినానా? నలుగురు వినేచోట తమ్ముని మాట కొట్టేస్తే వానికి బేజారవుతాదని సుమ్మనే ఊరుకుండినాను. దానికి వారమంతా ముఖం మాడ్చుకుంటావా, పిచ్చిదానా?" అన్నారు. ఆ 'వాడు' మా ఎదురుగానే నిలబడి గొంతు సవరించుకున్నాడు. నేను అంత హాయిగా ఊపిరి తీసుకున్న రోజు అంతకుముందు లేదు.

సేవంతికి చీకటి చెయ్యడం అనుకున్నంత తేలిక కాలేదు. బల్బుకి అడ్డంగా రేకు ముక్క కట్టాం. గాలికది టకటకా కొట్టుకుని ఎదురింటివాళ్ళని లేపింది. బట్టల తీగ మీద పాత చీరలు ఆరేశాం. వాటిలోంచి వెలుగు వడగట్టినట్టు దిగింది. చివరికి ఒక సాయంత్రం మునిరాజప్పగారు చంకలో ఏదో పెట్టుకొచ్చి ఉతికే బండ మీద పడేశారు. నల్లటి గొర్రె కంబళి. "దీన్ని దాటి సూర్యుడు కూడా రాడు" అన్నారు. "చలికి నువ్వేం కప్పుకుంటావప్పా?" అని అక్క అడిగితే, "రగ్గు ఉండాది లే" అని ముఖం తిప్పుకున్నారు. మడికీ మెట్లకీ మధ్య గట్టి తీగ లాగి కట్టింది కూడా ఆయనే. ఆ రోజునుంచి దీపాల వేళకు కంబళి దించడం, తెల్లవారాక తీయడం. ఆదివారం సాయంత్రాలు ఆ పని నాది. మంచుకి తడిసి కంబళి గొర్రెల మంద వాసన వేసేది. సరోజమ్మగారు దాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుండాది" అనేవారు.

మార్గశిరంలో ఒక పొద్దున, "పాపా, దిగి రా!" అని కింద నుంచి కేక వినపడింది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. ఆవిడ నా వేలు పట్టుకుని ఒక కొమ్మ చివర పెట్టారు. మిరియం గింజంత మొగ్గ, గట్టిగా, చల్లగా ఉంది. ఆ తర్వాత ఇక లెక్కలేదు. వీధిలో అందరి చామంతులూ వాడిపోయి, మొక్కలు పీకి పారేశాక, పుష్యంలో మా మడి పచ్చగా విరగబూసింది. ఆ ఏడు మూరలు ఆలస్యంగా వెళ్ళాయి కానీ ప్రతి ఇంటికీ వెళ్ళాయి. మొదటి మూర సరోజమ్మగారు నా జడలో పెట్టారు. ఇంత ఆలస్యంగా ఎలా పూశాయని అడిగినవాళ్ళకి మునిరాజప్పగారు తన కంబళి మహిమ వర్ణించి చెప్పేవారు. రాత్రి వచ్చే పిల్ల గురించి వీధిలో మళ్ళీ ఆయన నోట మాట రాలేదు. ఒకసారి ఎవరో అంటే, "ఆయమ్మ పనికి పోయొస్తాండాది, నీకేం?" అని ఆయనే కసిరారట.

పెళ్ళి చేసుకుని ఇల్లు మారేదాకా నేను ఆ గదిలోనే ఉన్నాను. ఏటా వినాయక చవితి వెళ్ళగానే తీగ మీదకి కంబళి ఎక్కేది, కార్తీకానికి సేవంతి పూసేది, దీపం వెలుగుతూనే ఉండేది. నేను ఇల్లు మారి, టీము లీడరునయ్యాక, ఊళ్ళో రాత్రిపూట ఆడపిల్లలు తిరగడం గురించి అందరూ భయపడిన రోజులొచ్చాయి. ఆఫీసులో మీటింగు పెట్టి, వాళ్ళ క్షేమం కోసమే అంటూ అమ్మాయిలందరినీ రాత్రి షిఫ్టు నుంచి తీసేద్దామన్నారు. చెప్పినాయన మంచివాడే, మనసారా చెప్పాడు. బల్ల చుట్టూ తలలు ఊగుతున్నాయి. రాత్రి షిఫ్టు పోతే ఆ పిల్లల్లో సగం మందికి ఉద్యోగం పోయినట్టేనని నాకు తెలుసు. ఇంగ్లీషులో నెమ్మదిగా మొదలుపెడదామనుకున్నాను. కానీ నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "దీపం ఆర్పేది లేదప్పా" అన్నాను, తెనాలి పిల్లని, అచ్చం ఆవిడ యాసలో. అందరూ నన్ను వింతగా చూశారు. తర్వాత ఇంగ్లీషులోకి దిగి గంటసేపు వాదించాను. కారు మలుపు దగ్గర కాదు, ఇంటి గుమ్మం ముందే ఆగాలి, తలుపు తీసి పిల్ల లోపలికి వెళ్ళాకే కదలాలి, చివరి పిల్లకు తోడుగా గార్డు ఉండాలి. కొన్నాళ్ళు పట్టింది కానీ ఒప్పుకున్నారు. ఒక్క అమ్మాయి పేరు కూడా ఆ షిఫ్టు నుంచి తీసెయ్యలేదు.

కొత్త పద్ధతి మొదలైన మర్నాడు పొద్దున్నే సరోజమ్మగారికి ఫోను చేసి, ఏదో యుద్ధం గెలిచినంత గొప్పగా చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. మెచ్చుకుంటారని చూశాను, మెచ్చుకోలేదు.

"పిల్లలందరూ ఇండ్లకు చేరినారా?" అని అడిగారు.

"చేరారాంటీ. ఆఖరి అమ్మాయి చేరానని ఫోను చేసేదాకా మెలకువగానే ఉన్నాను."

"ఊ. అట్లనే ఉంటాది. నీ చెప్పుల సద్దు మెట్ల మీద వినిపిస్తే గానీ నాకూ నిద్ర పట్టేది కాదు" అన్నారు. అన్నేళ్ళూ ఆవిడ మేలుకుని ఉండేవారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"అందరూ చేరినారు కదా" అన్నారు మళ్ళీ. "ఇంక పండుకో పాపా."